మధ్యాహ్నం పాఠం: ముద్దుకి నవ్వినా శిక్షే

మా డాలస్‌లో అప్పుడే ఎండలు మొదలయ్యాయి. పోయిన నెల జ్ఞాపకశక్తి గురించి చెప్పుకున్నాం కదా. ఈ నెల, సైకాలజీ చదివే ప్రతివాళ్ళకీ మొదట్లోనే తగిలే ఇంకో పాఠం: అభ్యసనం, అంటే నేర్చుకోవడం.

నేర్చుకోవడం అనగానే మనకి పలకా బలపం, ఎక్కాల పుస్తకం గుర్తొస్తాయి. సైకాలజీలో ఈ మాటకి అర్థం ఇంకా పెద్దది. అనుభవం వల్ల మన ప్రవర్తనలో వచ్చి నిలిచిపోయే మార్పునంతా నేర్చుకోవడమే అంటారు. అలా చూస్తే భయపడటం కూడా నేర్చుకుంటాం. తప్పించుకోవడం నేర్చుకుంటాం. నోరు మూసుకోవడం కూడా నేర్చుకుంటాం.

ఈ చివరిది మా ఇంట్లోనే జరిగింది. ముందు అది చెప్పి పాఠంలోకి వెళ్తాను.

మా అమ్మాయికి ఏడేళ్ళు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, అంటే తెనాల్లో రాత్రి ఏడున్నరకి, మా అమ్మకి వీడియో కాల్ చేస్తాం. అటు అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలు అందరూ ఫోన్ చుట్టూ చేరతారు. ఒక ఆదివారం నాన్న కనబడలేదు. మా అమ్మాయి, "అమ్మమ్మా, తాతయ్య పడుకుందా?" అని అడిగింది. అంతే, అటువైపు అందరూ ఫక్కుమని నవ్వారు. "మళ్ళీ అనవే, రికార్డు చేస్తా!" అన్నాడు అన్నయ్య కొడుకు. ఇది మళ్ళీ అంది. ఆ వీడియో చుట్టాల వాట్సాప్ గ్రూపంతా తిరిగింది. నేనూ నవ్వాను, నేనూ నలుగురికి పంపాను.

నిజానికి అందులో పిల్ల తప్పేముంది? రోజంతా ఇంట్లో అది వినేది నా గురించీ తన గురించే. "అమ్మ వచ్చింది", "పాప పడుకుంది" విని విని ఒక సూత్రం కట్టుకుని తాతయ్యకి కూడా అదే వాడింది. అంత బుర్ర పెట్టి కట్టుకున్న వాక్యానికి దానికి దొరికింది నవ్వులు.

తరవాత వారాల్లో దాని మాటలు చిక్కిపోతూ వచ్చాయి. "ఊ", "యా", "ఫైన్". ఆ తరవాత కాల్ రింగు వినబడగానే కడుపునొప్పి అని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు అమ్మ, "దానికి నేనంటే ఇష్టం లేదేమోనే" అంది, మామూలుగానే అన్నట్టు. అమ్మకి ఇంగ్లీషు రాదు. పిల్లకి తెలుగు పోతే వాళ్ళిద్దరి మధ్యా మిగిలేది ఫోన్లో చెయ్యి ఊపుకోవడమే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి పిల్ల మీద అరిచాను: "తెలుగులో మాట్లాడకపోతే ఐపాడ్ ఇచ్చేది లేదు!" దాంతో వ్యవహారం ఇంకా చెడింది.

సరిగ్గా ఆ వారమే నా మధ్యాహ్నం చదువులో ఈ అధ్యాయం వచ్చింది. కొత్తగా చేరిన పాఠకులకి చెప్తున్నాను, నేను చదివేది రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ సైకాలజీ పుస్తకం. ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

గంట మోగితే కడుపునొప్పి

ముందు పావ్లోవ్ సంగతి. ఇవాన్ పావ్లోవ్ రష్యా దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త. ఆయనకి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది సైకాలజీకి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల్లో లాలాజలం ఎలా ఊరుతుందో కొలుస్తుంటే ఆయనకో చిక్కు వచ్చిపడింది. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే కుక్కలకి నోరూరుతోంది. ఆ చిక్కునే ఆయన కొత్త పరిశోధనగా మార్చుకున్నాడు. ఒక చప్పుడు వినిపించడం, వెంటనే తిండి పెట్టడం. అలా కొన్నిసార్లు జరిగాక తిండి లేకపోయినా ఆ చప్పుడుకే నోరూరింది.

తిండికి నోరూరడం ఎవరూ నేర్పక్కర్లేదు, కాబట్టి తిండి నిర్నిబంధిత ఉద్దీపన. చప్పుడుకి నోరూరడం నేర్చుకున్నది, కాబట్టి చప్పుడు నిబంధిత ఉద్దీపన. ఈ మొత్తాన్నీ శాస్త్రీయ నిబంధనం అంటారు. బి.ఎడ్, డీఎస్సీకి చదివినవాళ్ళకి ఈ మాటలు గుర్తుండే ఉంటాయి. మిగిలినవాళ్ళు కుక్కరు మూడో విజిల్‌కి మీ ఆయన వంటింట్లోకి రావడం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మా ఇంటికి రండి. వీడియో కాల్ రింగు వట్టి చప్పుడే. కానీ అది మోగాక ప్రతిసారీ నవ్వులు, సిగ్గు, గుండె దడ. కొన్నాళ్ళకి రింగు ఒక్కటే చాలు, కడుపులో తిప్పడానికి. భయం వేస్తే కడుపులో నిజంగానే నొప్పి వస్తుంది, పరీక్ష హాలు ముందు నిలబడ్డ మనందరికీ అది తెలుసు. అన్నాళ్ళూ నేను దాన్ని నాటకం అనుకున్నాను.

ఎలుక నుంచి కుందేలుకి

1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పుస్తకాల్లో ఆ పసివాడి పేరు ఆల్బర్ట్. పదకొండు నెలల పిల్లాడు, తెల్ల ఎలుకని చూస్తే మొదట ఏ భయమూ లేదు. ఎలుక దగ్గరికి వచ్చినప్పుడల్లా వాడి వెనకాల ఇనుప కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టారు. ఏడుసార్లు అలా చేసేసరికి, చప్పుడు లేకుండా వట్టి ఎలుకని చూసినా వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత కుందేలుని చూసినా, కుక్కని చూసినా, బొచ్చు కోటుని చూసినా భయమే. ఇలా పాకడాన్ని సాధారణీకరణం అంటారు. పిల్లాడి భయం పోగొట్టకుండానే పంపించేశారు. ఇవాళైతే అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. చదువుతుంటే ఒక తల్లిగా ఒళ్ళు మండింది.

అయితే నేనేం తక్కువ తిన్నాను? మా అమ్మాయి భయం కూడా అలాగే పాకింది. ముందు వీడియో కాల్. తరవాత అమ్మమ్మ పంపిన తెలుగు కథల పుస్తకం మంచం కిందికి పోయింది. ఇంటికి తెలుగువాళ్ళు ఎవరైనా వస్తే గదిలోంచి బయటికి రాదు. చివరికి నేను తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు.

పెరిగిందా, తగ్గిందా?

పావ్లోవ్‌ది ఒక రకం నేర్చుకోవడం. రెండోది మన పని వల్ల ఏం జరిగిందో చూసి నేర్చుకోవడం. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూశాడు. మంచి ఫలితం వచ్చిన పని మళ్ళీ చేస్తాం, లేనిది మానేస్తాం అని ఆయన చెప్పిన దాన్ని ఫలిత నియమం అంటారు. తరవాత బి. ఎఫ్. స్కిన్నర్ వచ్చి, 1938లో వేసిన పుస్తకంతో దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. దీని పేరు కార్యసాధక నిబంధనం.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది, నేనూ తడబడ్డాను. ఒక పని చేశాక జరిగినదాని వల్ల ఆ పని పెరిగితే దాన్ని పునర్బలనం అంటారు, రీయిన్‌ఫోర్స్‌మెంట్ అన్నమాట. తగ్గితే శిక్ష. వీటి ముందు పెట్టే ధన, రుణ అనే మాటలకి మంచి, చెడు అని అర్థం కాదు. లెక్కల్లో లాగా కూడిక, తీసివేత. ఏదో ఒకటి చేర్చడం ధనం, ఏదో ఒకటి తీసెయ్యడం రుణం. కాబట్టి రుణ పునర్బలనం అంటే తిట్టడమో కొట్టడమో కాదు. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా టింగు టింగుమని మోగి, పెట్టుకోగానే ఆగుతుంది చూడండి, అదీ రుణ పునర్బలనం. విసిగించేది పోయింది, బెల్టు పెట్టుకోవడం అలవాటైంది.

ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టే చోట పిల్లాడు చాక్లెట్ కోసం ఏడుస్తాడు. అందరూ చూస్తున్నారని మనం కొనిస్తాం. వాడి ఏడుపుకి చాక్లెట్ వచ్చింది, అది ధన పునర్బలనం. మనం కొనగానే ఏడుపు ఆగింది, అది మనకి రుణ పునర్బలనం. వాడు మనకి నేర్పుతున్నాడు, మనం వాడికి నేర్పుతున్నాం. వచ్చే వారం ఇద్దరం పాఠం అప్పజెప్తాం.

ఈ నిర్వచనాలు రెండు మూడుసార్లు చదివాక నాకు ఒకటి తట్టింది. వీటిలో ఎక్కడా ఉద్దేశం అన్న మాటే లేదు. మనం ఏమనుకుని చేశాం అని స్కిన్నర్ అడగడు. ఆ తరవాత ఆ పని పెరిగిందా, తగ్గిందా అని మాత్రమే అడుగుతాడు.

ఆ లెక్కన మా ఇంటి సంగతి కాగితం మీద రాసుకున్నాను. పిల్ల తెలుగులో ఒక వాక్యం అంది, అందరూ నవ్వారు, వాక్యాలు తగ్గాయి. అంటే ఆ నవ్వు శిక్ష. అటువైపు ఉన్నవాళ్ళు దాని మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు కావచ్చు, ముద్దొచ్చే నవ్వి ఉండచ్చు, అయినా అది శిక్షే. కడుపునొప్పి అంది, నేను సరే పొమ్మన్నాను, కడుపునొప్పులు పెరిగాయి. అంటే అది రుణ పునర్బలనం. ఐపాడ్ లాక్కున్నాను, మౌనం తగ్గలేదు. అంటే స్కిన్నర్ లెక్కలో అది శిక్షగా కూడా పనికిరాలేదు. తెలుగుకి ఇంకో భయాన్ని తగిలించింది, అంతే.

అది రాస్తుంటే నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక మందుల షాపు కౌంటర్లో నేనన్నది అర్థంకాక అవతలి అమ్మాయి మూడుసార్లు "సారీ?" అంది. నా వెనకాల వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. నన్ను చూసి నవ్వారో లేదో కూడా తెలీదు. ఆ తరవాత చాలాకాలం ఫోన్లన్నీ మా ఆయన చేతే చేయించాను. ఆయన మాట్లాడిన ప్రతిసారీ నాకు "అమ్మయ్య" అనిపించేది. ఆ అమ్మయ్యే రుణ పునర్బలనం. డిగ్రీదాకా ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని, అలా నెలల తరబడి నోరు విప్పకుండా బతికాను. నా ఇంగ్లీషుకి జరిగిందే నా కూతురి తెలుగుకి జరిగింది, అదీ నా చేతుల మీదుగా.

స్టిక్కర్ల పొరపాటు

శిక్ష పనికిరాదని తెలిసింది కదా, ఇక బహుమతులే అనుకున్నాను. ఫ్రిజ్ మీద ఒక చార్టు అంటించాను. తెలుగులో ఒక వాక్యానికి ఒక స్టిక్కరు, పది స్టిక్కర్లకి ఐస్‌క్రీం. రెండు వారాలు భలే నడిచింది. మూడో వారం అది, "అమ్మా, అమ్మమ్మతో మాట్లాడితే ఎన్ని స్టిక్కర్లు?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మళ్ళీ పుస్తకం పట్టుకున్నాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లోని శిశుపాఠశాలలో ఒక ప్రయోగం చేశారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం అంటే ముందే ఇష్టం ఉన్న పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళయ్యాక మామూలుగా ఆడుకునే వేళలో చూస్తే, బహుమతి ఆశతో బొమ్మలు వేసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసేది జీతానికి చేసే పనిలా మారిపోయింది.

బహుమతులన్నీ చెడ్డవని కాదు. ఆసక్తే లేని పని మొదలుపెట్టించడానికి అవి సాయపడతాయి. కానీ మా అమ్మాయికి అమ్మమ్మంటే ముందే ఇష్టం. ఉన్న ఇష్టానికి నేను ధర కట్టాను. ఆ రాత్రే చార్టు తీసేశాను.

పీటర్, కుందేలు

దారి చూపింది మేరీ కవర్ జోన్స్. ఈవిడ రోజలీ రేనర్‌కి కాలేజీ నాటి స్నేహితురాలు. ఆల్బర్ట్‌కి భయం నేర్పగలిగితే, ఉన్న భయాన్ని పోగొట్టలేమా అని ఆలోచించింది. 1924లో ఆవిడ ప్రచురించిన వ్యాసంలో పీటర్ అనే పిల్లాడున్నాడు, మూడేళ్ళు కూడా నిండలేదు. కుందేలంటే వణుకు. ఆవిడ వాడికి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటుండగా బోనులో ఉన్న కుందేలుని గదిలో దూరంగా ఉంచింది. వాడికి ఇబ్బంది లేనంత దూరంలో. మెల్లగా, రోజుకి కాస్త దగ్గరగా తెచ్చింది. కుందేలంటే భయపడని పిల్లల మధ్య కూర్చోబెట్టింది. మధ్యలో పీటర్‌కి స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు అంతా ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి వస్తూ పెద్ద కుక్కని చూసి దడుచుకున్నాడు, పోయిన భయం మళ్ళీ వచ్చేసింది. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ దూరం నుంచి మొదలుపెట్టింది. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా పీటర్ ఊరుకున్నాడు. ఇవాళ భయాలకి చేసే చికిత్సల్లో చాలావాటికి మూలం ఈవిడ పనే.

నేను ముందు తెనాలికి ఫోన్ చేశాను. "ముద్దొచ్చి నవ్వామే, వెక్కిరించామా?" అంది అమ్మ, నొచ్చుకుని. "ముద్దుకేనమ్మా. కానీ దానికి వినబడింది నవ్వొక్కటే" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, ఏం చెయ్యమంటావు?" అంది. అన్నయ్య గ్రూపులోంచి వీడియో తీసేశాడు.

ఆదివారం కాల్ ఆపేశాం. బుధవారం రాత్రి ఏడున్నరకి, అంటే అక్కడ పొద్దున్న ఆరింటికి, అమ్మ ఒక్కతే కాఫీ కలుపుకునే వేళ పెట్టుకున్నాం. ఫోన్ వంటింటి గట్టు మీద ఆనించి నేనే మాట్లాడతాను. పిల్ల దూరంగా బల్ల దగ్గర దోసె, పంచదార తింటుంటుంది. దాన్ని ఎవరూ పలకరించరు, కెమెరా దాని వైపు తిప్పను. ప్రశ్నలు అడగకుండా ఉండటం మా అమ్మకి ఎంత కష్టమో ఆవిడ ముఖంలో కనబడేది.

మూడో వారం అమ్మ, పెరట్లో పిల్లి గోనెసంచి మీద ఈనిందని చెప్తోంది. వెనక నుంచి, "ఎన్ని పిల్లులు?" అని వినబడింది. నేను వెనక్కి తిరగలేదు. "నాలుగమ్మా. ఒకటి తెల్లది" అంది అమ్మ, అదేమీ విశేషం కానట్టు. ఆ వారం అంతే. తరవాతి వారం తెల్లపిల్లిని చూడటానికి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

నేను మార్చుకున్నది ఇంకోటి ఉంది. ప్రతి వాక్యాన్నీ ఆపి దిద్దడం మానేశాను. "పిల్లి పాలు తిన్నాడా?" అంటే, "ఆ, పిల్లి పాలు తాగింది" అని జవాబులోనే సరైన మాట కలిపేస్తాను. దిద్దినట్టుండదు, చెవిన పడుతుంది.

అంతా సాఫీగా సాగిపోయిందని చెప్పను. మధ్యలో మా ఇంటికొచ్చిన ఒక పెద్దాయన దాని మాటకి పగలబడి నవ్వారు. రెండు వారాలు మళ్ళీ నోరు విప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు పీటర్, కుక్క గుర్తొచ్చారు. మళ్ళీ దోసె, మళ్ళీ దూరం.

ఒక్క జాగ్రత్త. కడుపునొప్పి తరచుగా వస్తుంటే ముందు డాక్టరుకి చూపించండి, అన్నిటినీ మనసు ఖాతాలో వేయకండి. ఇంట్లో బాగా మాట్లాడుతూ బడిలో నెల దాటినా అస్సలు నోరు విప్పని పిల్లలుంటే, దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు, దానికి సాయం దొరుకుతుంది. మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి. దానికి దోసె చాలదు.

ఈ నెల మీకిచ్చే పని చిన్నదే. ఇంట్లో మిమ్మల్ని బాధపెడుతున్న ఒక్క ప్రవర్తన తీసుకోండి. పిల్లలదే కానక్కర్లేదు, మీదైనా సరే. వారం రోజులు మూడు గళ్ళు గీసి రాయండి: ముందు ఏం జరిగింది, ఆ పని ఏమిటి, తరవాత ఏం జరిగింది. ఎవరి ఉద్దేశం ఏమిటో మాత్రం రాయకండి. వారం చివర ఒక్క ప్రశ్న వేసుకోండి, పెరిగిందా, తగ్గిందా అని. ఏం కనబడిందో నాకు రాయండి.

పోయిన బుధవారం మా అమ్మాయి తనంతట తనే ఫోన్ తీసుకుంది. "అమ్మమ్మా, తాతయ్య పడుకుందా?" అంది. అదే వాక్యం, అదే తప్పు. నేను ఊపిరి బిగపట్టాను. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంకా పడుకునే ఉన్నాడే. లేపనా?" అంది.

"వద్దు, పడుకోనీ" అంది పిల్ల. ఇద్దరూ పిల్లికూనల సంగతుల్లో పడ్డారు.

వచ్చే నెల ప్రేరణ గురించి, ముఖ్యంగా సగంలో ఆపేసిన మన పనుల గురించి చెప్పుకుందాం. అందాకా సెలవు.